ఆస్ట్రల్, కోరల్: ఒకే తీర్పు చెప్పిన రెండు పత్రాలు

వైద్య పరిశోధన పత్రాన్ని కథనో నవలనో విమర్శించినట్టు విమర్శించకూడదని ఎక్కడా రాసిపెట్టి లేదు. దానికీ ఒక ప్రశ్న ఉంటుంది, మనుషుల ఎంపిక ఉంటుంది, చెప్పకుండా వదిలేసిన భాగం ఉంటుంది. కిడ్నీలకు రక్తం తెచ్చే ధమనులు కొవ్వు పేరుకుని సన్నబడితే స్టెంటు వేసి తెరవాలా, మందులతో సరిపెట్టాలా అన్న వివాదం మీద రెండు పెద్ద పత్రాలున్నాయి. ఒకటి బ్రిటన్ వాళ్లు నడిపిన ఆస్ట్రల్, 2009 నవంబరులో వచ్చింది. రెండోది అమెరికా ప్రభుత్వ నిధులతో జరిగిన కోరల్, 2014 జనవరిలో అచ్చయింది. రెండింటినీ వేసింది ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’ పత్రికే. మందులు ఎలాగూ వాడుతున్న రోగికి స్టెంటు కూడా వేస్తే అదనంగా ఒరిగేదేమీ కనబడలేదని రెండూ తేల్చాయి.

దాంతో పాఠాల్లో, కాన్ఫరెన్సుల్లో ఈ రెండు పేర్లనూ కవల పిల్లల పేర్లలా ఒక్క ఊపిరిలో చెప్పేయడం అలవాటైంది. నా అభ్యంతరం దానిమీదే. తీర్పు ఒకటే అయినా సాక్ష్యం ఒకటి కాదు. ఒకటి ప్రశ్న దగ్గర నిజాయితీగా ఉండి కొలతల దగ్గర జారింది. రెండోది కొలతల్లో గట్టిగా నిలబడి, రోగుల్ని చేర్చుకునే దగ్గర మెత్తబడింది. రెండూ కలిసి ఎవర్ని బయట వదిలేశాయన్నది, అవి తేల్చిన విషయమంత ముఖ్యమైనది.

ముందు ఈ ట్రయళ్లు ఏ నమ్మకాన్ని పరీక్షకు పెట్టాయో చూడాలి. 1934లో క్లీవ్‌ల్యాండ్‌లో హ్యారీ గోల్డ్‌బ్లాట్ అనే పాథాలజిస్టు కుక్కల కిడ్నీ ధమనులకు చిన్న వెండి బిగింపులు తొడిగాడు. మర తిప్పితే ఎంత కావాలంటే అంత బిగుసుకునే బిగింపులవి. ధమని నలిగింది, కుక్క బీపీ పెరిగింది, పెరిగి అలాగే నిలిచింది. బిగింపు సడలిస్తే దిగుతుందని కూడా ఆ దారిలో సాగిన ప్రయోగాలు చూపాయి. అంతకు చాలాముందే, 1898లో, స్టాక్‌హోమ్‌లో టైగర్‌స్టెట్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు కుందేలు కిడ్నీ రసంలో బీపీ పెంచే పదార్థాన్ని కనిపెట్టి రెనిన్ అని పేరు పెట్టారు. ఈ రెండూ కలిసేసరికి కథ పూర్తయింది. సన్నబడిన నాళం అవతల ఉన్న కిడ్నీకి ఒత్తిడి తక్కువగా అందుతుంది. ఒళ్లంతా బీపీ పడిపోయిందని అది పొరబడి రెనిన్ వదులుతుంది. దాని వెంట యాంజియోటెన్సిన్ తయారై రక్తనాళాలను బిగిస్తుంది, ఉప్పునూ నీటినీ ఒంట్లో ఆపేస్తుంది. అడ్డు తీసేస్తే అన్నీ సర్దుకోవాలి.

వైద్యంలో ఇంత అందమైన తర్కం అరుదు. ఇంత అందంగా ఉన్నందుకే అది దాదాపు డెబ్బై ఐదేళ్లు సరైన పరీక్ష లేకుండా నెగ్గుకొచ్చింది. గోల్డ్‌బ్లాట్ తరవాత సర్జన్లు బీపీ ఉన్నవాళ్లలో చిన్నబోయిన కిడ్నీలను తీసేయడం మొదలుపెట్టారు. 1956లో హోమర్ స్మిత్ అచ్చయిన కేసులన్నీ పోగేసి చూస్తే, బీపీ మామూలు స్థాయికి దిగినవాళ్లు సుమారు నాలుగో వంతే. 1978లో ఆండ్రియాస్ గ్రూంట్‌జిగ్ కిడ్నీ ధమనిలో బెలూన్ ఊదాడు. ఆ తరవాత స్టెంట్లు వచ్చాయి. అమెరికాలో పెద్దవాళ్ల ప్రభుత్వ బీమా కింద కిడ్నీ ధమని స్టెంట్లు, బెలూన్లు 1996కీ 2000కీ మధ్యే రెండు రెట్లు దాటాయి. అప్పటికి పెద్ద ట్రయల్ ఒక్కటీ పూర్తి కాలేదు.

ఆస్ట్రల్ 2000 సెప్టెంబరులో రోగుల్ని చేర్చుకోవడం మొదలుపెట్టి 2007 అక్టోబరు దాకా సాగింది. 57 ఆస్పత్రులు, 806 మంది. ఆస్పత్రుల్లో ఎక్కువ భాగం బ్రిటన్‌వి, కొన్ని ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లవి. లాటరీ తీసినట్టు 403 మందిని స్టెంటు వైపు, 403 మందిని మందుల వైపు పంపారు. ఇక్కడిదాకా అంతా మామూలే. చదవాల్సింది ఆ పత్రంలో ఎవర్ని చేర్చుకున్నారో చెప్పే వాక్యం. నాళం బాగా సన్నబడి ఉండాలి, స్టెంటు వేయడానికి అనువుగా ఉండాలి, ఆ పైన, తెరవడం వల్ల ఈ రోగికి కచ్చితంగా మేలు జరుగుతుందని అతని డాక్టరుకు గట్టి నమ్మకం లేకుండా ఉండాలి. ఆరు నెలల్లో ఎలాగూ తెరవక తప్పదనిపించినవాళ్లను చేర్చుకోనే లేదు.

ఈ నియమం చాలామందికి నచ్చలేదు. మేలు జరిగేవాళ్లను ముందే పక్కకు తప్పించి, మిగిలినవాళ్లలో మేలు లేదంటే అదేం పరీక్ష అని స్టెంట్లు వేసే ఇంటర్వెన్షన్ డాక్టర్లు విరుచుకుపడ్డారు. వాళ్ల కోపం నాకు సగమే అర్థమవుతుంది. డాక్టరుకే అనుమానం ఉన్నచోట లాటరీ తీయడం నైతికంగా సరైన పని. నిజానికి రోజువారీ ప్రాక్టీసులో సందేహమున్న రోగులే ఎక్కువ, స్టెంట్లు పడుతున్నదీ ఎక్కువగా వాళ్లకే. ఆస్ట్రల్ తన ప్రశ్నను దాచుకోలేదు, ‘మాకు తెలియనివాళ్ల సంగతి ఏమిటి?’ అని తిన్నగా అడిగింది. దాని జవాబును ‘అందరి సంగతీ ఇంతే’ అని మార్చుకున్నది మనం. ఆ తప్పు పత్రానిది కాదు.

ఆస్ట్రల్ జారింది కొలతల్లో. సగటున నాళం 76 శాతం మూసుకుపోయిందని రాశారు. కానీ ఆ శాతాలు ఏ ఆస్పత్రికి ఆ ఆస్పత్రి తన కంటి అంచనాతో పంపినవి, అన్ని యాంజియోగ్రామ్ ఫిల్ములనూ ఒకేచోట ఒకే కళ్లతో కొలిచే ఏర్పాటు లేదు. ఆ లెక్కన చూసినా సుమారు 40 శాతం మందిలో అడ్డు 70 శాతం లోపే. అంత తక్కువ అడ్డు దగ్గర చాలామందిలో అవతలి ఒత్తిడి పెద్దగా పడిపోదు, కిడ్నీ రెనిన్ వదిలేంత బాధ పడదు. 2006లో బెల్జియం కార్డియాలజిస్టు బెర్నార్డ్ డి బ్రూయిన్ బృందం మనుషుల్లోనే దీన్ని కొలిచింది. స్టెంటు వేసిన నాళంలో బెలూన్‌ను కొద్దికొద్దిగా ఊదుతూ, అవతలి ఒత్తిడి ఇవతలి ఒత్తిడిలో 90 శాతం కన్నా తగ్గాకే రెనిన్ పెరగడం చూశారు. గోల్డ్‌బ్లాట్ మర ఎంత బిగిస్తే పని చేస్తుందో మనుషుల్లో తేల్చిన లెక్క అది. ఆస్ట్రల్‌లో ఒత్తిడి కొలిచి చేర్చుకునే పద్ధతి లేదు. పైగా స్టెంటు వంతు వచ్చిన 403 మందిలో 335 మందికే ప్రయత్నం జరిగింది. 317 మందిలో నాళం తెరుచుకుంది. అంటే ఆ గుంపులో ప్రతి అయిదుగురిలో ఒకరు పేరుకే స్టెంటు రోగి.

ఫలితం చెప్పిన తీరూ సామాన్యుడికి అందేది కాదు. ఆస్ట్రల్ ప్రధానంగా కొలిచింది, కిడ్నీ పని తగ్గేకొద్దీ రక్తంలో పెరిగే క్రియాటినిన్‌ను తలకిందులు చేసి గీసిన గీత ఏటా ఎంత వాలిందన్నది. స్టెంటు వైపు ఆ వాలు 0.07, మందుల వైపు 0.13. వాటి పక్కన నోరు తిరగని ప్రమాణాలుంటాయి, వదిలేద్దాం. చూడగానే సగానికి సగం తేడా ఉన్నట్టుంది. ఆ తేడా వట్టి యాదృచ్ఛికమేమోనన్న అనుమానాన్ని కొలిచే పి విలువ 0.06, అనుకున్న గీతకు వెంట్రుకవాసి అవతల. స్టెంటు పక్షం వాళ్లు ఈ సంఖ్యను పట్టుకునే ‘ఇంకాస్త పెద్ద ట్రయల్ అయితే గెలిచేవాళ్లం’ అంటారు. అదే పత్రంలో నాలుగు మాటల అవతల ఉన్న ఇంకో సంఖ్య చదవరు: మొత్తం మీద రెండు గుంపుల మధ్య సగటు క్రియాటినిన్ తేడా లీటరుకు 1.6 మైక్రోమోల్‌లు. మన ల్యాబు రిపోర్టుల్లో రాసే లెక్కకు మారిస్తే డెసిలీటరుకు 0.02 మిల్లీగ్రాములు కూడా లేదు. ఒకే రోగి రక్తాన్ని ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి పరీక్షిస్తే వచ్చే తేడా ఇంతకన్నా ఎక్కువ. చనిపోయినవాళ్లు స్టెంటు వైపు 103 మంది, మందుల వైపు 106 మంది.

ఇక నష్టం. స్టెంటు ప్రక్రియ వల్ల 23 మందికి తీవ్రమైన సమస్యలు వచ్చాయి. అందులో 2 మరణాలు. ముగ్గురికి కాలి వేళ్లో కాలో తీసేయాల్సి వచ్చింది. కిడ్నీ నాళం తెరవబోతే కాలు పోవడమేమిటని ఆశ్చర్యం కలగొచ్చు. కారణం మామూలే. కిడ్నీ ధమని పుట్టేది పొట్టలోని మహాధమని నుంచి. ముసలి మహాధమని లోపలి గోడంతా కొవ్వు పెచ్చులే. తీగ, గొట్టం రాసుకుంటే ఆ పెచ్చుల్లోని కొలెస్టరాల్ తునకలు రాలి దిగువకు కొట్టుకుపోతాయి, కాలి వేళ్ల సన్న నాళాల్లో ఇరుక్కుంటాయి. ఆస్ట్రల్ ఈ సంగతిని సంక్షిప్తంలోనే, అందరికీ కనబడేచోట రాసింది. నేను దాన్ని గౌరవించే కారణాల్లో ఇదొకటి.

కోరల్ దీనికి పూర్తిగా వేరే స్వభావం. 2005 మే నుంచి 2010 జనవరి దాకా రోగుల్ని చేర్చుకుంది. లెక్కకు నిలిచినవాళ్లు 931 మంది. ఒహాయోలోని టొలీడో కార్డియాలజిస్టు క్రిస్టఫర్ కూపర్ ముందుండి నడిపాడు. ఆస్ట్రల్ ఆలోచన కిడ్నీ డాక్టరుది, కోరల్ ఆలోచన గుండె డాక్టరుది. క్రియాటినిన్ వాలుతో దానికి పని లేదు. గుండెపోటు, పక్షవాతం, గుండె వైఫల్యంతో ఆస్పత్రి పాలవడం, గుండె జబ్బుతోనో కిడ్నీ జబ్బుతోనో చావు, కిడ్నీ పని దిగజారిపోవడం, డయాలసిస్ అవసరం పడటం: వీటిలో ఏదో ఒకటి జరిగిందా లేదా అన్నదే లెక్క. రోగికి, రోగి ఇంట్లోవాళ్లకు అర్థమయ్యే ప్రశ్న ఇదే. ఈ ఒక్క విషయంలో కోరల్ ఆస్ట్రల్ కన్నా మెట్టు పైనుంది.

ఫిల్ములన్నిటినీ ఒక కేంద్ర ల్యాబుకు పంపి కొలిపించడం రెండో మెట్టు. ఆ కొలతల్లో బయటపడిన చిన్న సంగతి నాకు పత్రం మొత్తంలో ఎక్కువ నచ్చింది. ఆస్పత్రుల్లో స్టెంటు వేసే డాక్టర్లు అడ్డు సగటున 73 శాతం ఉందన్నారు. కేంద్ర ల్యాబు అదే ఫిల్ములు చూసి 67 శాతం అంది. తెరవాలనుకున్న కంటికి నాళం కాస్త ఎక్కువ సన్నగా కనబడుతుంది. ఆస్ట్రల్ 76 శాతాన్ని కేంద్రంగా ఎవరూ కొలవలేదు కాబట్టి, దాన్నీ ఈ వెలుగులోనే చదవాలి.

కోరల్ మెత్తబడింది రోగుల కోసం వెతుకులాటలో. మొదట నియమం కఠినం. అడ్డు 80 శాతం దాటాలి, లేదా 60 దాటి ఉంటే ఇవతలికీ అవతలికీ ఒత్తిడి తేడా 20 మిల్లీమీటర్లయినా ఉండాలి. రోగులు చాలినంతమంది దొరకలేదు. నడిమధ్యలో ఆ ఒత్తిడి షరతు తీసేశారు, బీపీ ఇంత దాటి ఉండాలన్న గీతా చెరిపేశారు. దాంతో ఆస్ట్రల్ మీద పడిన నిందే, నిజంగా బాధపడుతున్న కిడ్నీలను ఏరలేదన్నదే, కాస్త తక్కువ మోతాదులో కోరల్‌కూ తగిలింది. రెండింటి రోగులూ ఒకే రకం కారని కూడా గుర్తుంచుకోవాలి. ఆస్ట్రల్ రోగుల కిడ్నీలు వడపోసే శక్తి సగటున 40 దగ్గర ఉంటే, కోరల్ వాళ్లది 58 దగ్గర. ఆస్ట్రల్ రోగి కిడ్నీ అప్పటికే బాగా దెబ్బతిని ఉంది, కోరల్ రోగిది ఇంకా పరవాలేదు.

అయినా గీతలు కలిసిపోయాయి. సగటున 43 నెలలు గమనించాక, ఏదో ఒక దెబ్బ తగిలినవాళ్లు స్టెంటు వైపు 35.1 శాతం, మందుల వైపు 35.8 శాతం. పత్రంలోని గ్రాఫు చూస్తే రెండు గీతల్నీ విడదీయడం కష్టం. పై బీపీ స్టెంటు వైపు 2.3 మిల్లీమీటర్లు తక్కువ. నిజమైన తేడానే, కానీ దానివల్ల ఒక్క గుండెపోటూ తప్పలేదు. ప్రక్రియలో నాళం లోపలి పొర చీలడం 2.2 శాతం మందిలో జరిగింది. ఆస్ట్రల్‌తో పోలిస్తే చేతులు బాగా కుదిరాయి. అంటే స్టెంట్లు సరిగా వేయలేదు కాబట్టి ఓడిపోయాం అనే సాకు ఇక్కడ చెల్లదు.

కోరల్ అసలు గొప్పతనం మందుల వైపే ఉందని నా అభిప్రాయం. ఏ మందు ఇవ్వాలన్నది ఆస్ట్రల్ స్థానిక డాక్టరుకే వదిలేసింది. కోరల్ మాత్రం రెండు గుంపులకూ ఒకే వరస పెట్టింది. క్యాండెసార్టాన్‌తో మొదలు, అవసరమైతే నీళ్లమాత్ర, ఆ పైన ఆమ్లోడిపిన్, దాంతో పాటు కొలెస్టరాల్‌కు అటోర్వాస్టాటిన్. ఇందులో మొదటి మందే తిరగబడ్డ సిద్ధాంతం. కిడ్నీ నాళం సన్నబడితే యాంజియోటెన్సిన్‌ను ఆపే మందులు ఇవ్వకూడదని డాక్టర్లకు ఏళ్ల తరబడి నూరిపోశారు. రెండువైపులా నాళాలు మూసుకుపోతే, లేదా ఉన్న ఒక్క కిడ్నీ నాళమే మూసుకుపోతే, ఆ మందు పడగానే క్రియాటినిన్ ఎగబాకే మాట నిజమే. మందు మొదలుపెట్టిన ఒకటి రెండు వారాల్లో రక్తపరీక్ష చేయించాలి, 30 శాతం కన్నా ఎక్కువ పెరిగితే ఆపి ఆలోచించాలి. ఆ జాగ్రత్తతో కోరల్ రోగులు దాన్ని బాగానే తట్టుకున్నారు. ట్రయల్లో చేరినప్పుడు సగటున రెండు బీపీ మందులు వాడుతున్నవాళ్లు చివరికి మూడు దాటారు. స్టెంటు ఓడిందన్న వార్త పతాక శీర్షికలకెక్కింది. పూర్తి మోతాదులో మందులు వాడితే ఈ రోగుల్లో మూడింట రెండొంతుల మంది దాదాపు నాలుగేళ్లు ఏ పెద్ద దెబ్బా తగలకుండా గడిపారన్న వార్త ఎవరికీ పట్టలేదు.

గోల్డ్‌బ్లాట్ కుక్కలో పనిచేసిన తర్కం ఈ మనుషుల్లో ఎందుకు పనిచేయలేదన్న దానికి రెండు పత్రాలూ నేరుగా జవాబివ్వవు. ఆ కుక్క కిడ్నీ ఆరోగ్యమైనది, చెడింది ధమనిలో ఒక్క చోటే. డెబ్బై ఏళ్ల మనిషిలో ధమని మొదట్లో అడ్డు కనబడేసరికి, లోపలి సన్న నాళాలు కూడా షుగరుతో, పొగతో, పాత బీపీతో గట్టిపడి ఉంటాయి. తూము ఎత్తినంత మాత్రాన చవుడుబారిన పొలం పండదు. పైగా గుండె పంపే రక్తంలో అయిదో వంతుకు పైగా కిడ్నీలకే వెళ్తుంది, అది వాటి సొంత అవసరానికన్నా చాలా ఎక్కువ. కొంత తగ్గినా కిడ్నీ ప్రాణవాయువుకు మొహం వాచదు. మేయో క్లినిక్‌లో స్టీఫెన్ టెక్స్టర్ బృందం ఎంఆర్ఐతో దీన్ని చూపింది.

ఇక బయట మిగిలిపోయినవాళ్లు. రాత్రి పడుకున్న మనిషి ఉన్నట్టుండి ఊపిరాడక లేచి కూర్చుంటాడు, ఊపిరితిత్తుల్లో నీరు నిండిపోతుంది. ఎకో చేస్తే గుండె కొట్టుకునే బలం బాగానే ఉంటుంది, నెల తిరగకుండా మళ్లీ అదే. ఇలాంటివాళ్లలో రెండు కిడ్నీ నాళాలూ మూసుకుపోయి ఉండటాన్ని థామస్ పికరింగ్ 1988లో లాన్సెట్‌లో ఎత్తి చూపాడు. ఈ రోగి ఆస్ట్రల్‌లో చేరడు, ఎందుకంటే అతని డాక్టరుకు అనుమానం లేదు. కోరల్‌లోనూ అలాంటివాళ్లు చాలా కొద్దిమంది. ఆస్ట్రల్‌లో ముఖ్యుడైన ఫిలిప్ కాల్రా బృందమే తరవాత తమ ఆస్పత్రి రోగుల్ని ఏళ్ల తరబడి గమనించి, ఈ లక్షణమున్నవాళ్లలో నాళం తెరిచినవారు ఎక్కువగా బతికారని 2014లో ప్రకటించింది. అది లాటరీ తీసిన ట్రయల్ కాదు. అయినా తన పత్రం హద్దును తానే గీసుకున్న పరిశోధకుణ్ణి మెచ్చుకోవాలి.

మన పాఠకులకు ఇంకా దగ్గరి సంగతి ఒకటుంది. రెండు ట్రయళ్లూ కొవ్వు పేరుకున్న నాళాల గురించే, సగటు వయసు డెబ్బై దగ్గర. మన దేశంలో ఇరవై, ముప్పై ఏళ్ల అమ్మాయికి బీపీ బాగా ఎక్కువగా ఉండి, ఒక చేతిలో నాడి అందకపోతే, రెండు చేతుల బీపీ వేర్వేరుగా చూపిస్తే, గుర్తుకు రావాల్సింది టకయాసు వ్యాధి. మికిటో టకయాసు అనే జపాన్ కంటి డాక్టరు 1908లో దీన్ని వర్ణించాడు. ఇక్కడ పెద్ద ధమనుల గోడలు వాపెక్కి, లోపలి దారి సన్నబడుతుంది. వాపును మందులతో చల్లార్చాక బెలూన్‌తో తెరిస్తే బీపీ బాగా దిగేవాళ్లు చాలామంది. ధమని కండ పూసలదండలా మారే ఇంకో జబ్బు ఉంది, ఎక్కువగా ఆడవాళ్లకే వస్తుంది. అందులోనూ స్టెంటు లేకుండా వట్టి బెలూనే బాగా పనిచేస్తుంది. ఈ ఇద్దరి ముందూ కోరల్ పత్రం తెరిచి ‘లాభం లేదని తేలిపోయింది’ అనే డాక్టరు ఆ పత్రాన్ని చదివినట్టు కాదు.

రెండింటిలో ఒక్కదాన్నే ఉంచుకోమంటే నేను కోరల్‌నే ఉంచుకుంటాను. రోగికి పనికొచ్చే ప్రశ్న అడిగింది, ఒకే కంటితో కొలిచింది, మందులకు న్యాయం చేసింది. ఆస్ట్రల్‌ను చదవాల్సింది దాని ఫలితం కోసం కన్నా, తన సందేహాన్ని నియమంగా రాసిపెట్టిన ధైర్యం కోసం, నష్టాల జాబితా కోసం.

గుండె యాంజియోగ్రామ్ చేస్తూ పనిలో పనిగా కిడ్నీ నాళాలూ చూశామని, ఒకటి సన్నబడిందని, ఇప్పుడే స్టెంటు వేసేద్దామని మీ ఇంట్లో ఎవరికైనా చెబితే, టేబుల్ మీదే సరే అనకండి. అది గుండెపోటులా నిమిషాల మీద నడిచే వ్యవహారం కాదు. బీపీ మందులు పూర్తి మోతాదులో వాడి చూశామా, ఊపిరితిత్తుల్లో నీరు చేరడం జరిగిందా, క్రియాటినిన్ కొద్ది నెలల్లో గబగబా పెరిగిందా, అడ్డుకు అటూ ఇటూ ఒత్తిడి తేడా కొలిచారా అని అడగండి. జవాబు ‘నాళం సన్నబడింది కాబట్టి’ అన్నదొక్కటే అయితే, ఆ యాంజియోగ్రామ్ సీడీ తీసుకుని ముందు ఒక నెఫ్రాలజిస్టు దగ్గరికి వెళ్లండి.